‘గీడనే’ ఎంత దూరం?

మా దిక్కు ఎవరినైనా దారి అడిగి చూడండి. మెట్‌పల్లి ఎంత దూరం అంటే గీడనే, ఈ పక్కనే అన్నట్టు, అంటారు. గోదావరి ఒడ్డు ఎంత దూరం అంటే అదీ గీడనే. నడిచేవాడికి దూరం చెబితే కాళ్లలో బలం పోతుందని పెద్దల నమ్మకం. ఎండలో వచ్చినవాడికి మంచినీళ్లు ఇచ్చి, పోవాల్సింది ఎంత ఉన్నా గీడనే అని చెప్పి సాగనంపడం మర్యాద. ఆ మర్యాద తెలిసినవాడు ఆ మాట వినగానే ఇంకో చెంబు నీళ్లు అడిగి తాగుతాడు. తెలియనివాడు నమ్ముతాడు.

అలా నమ్మిన మనిషి విద్యాశాఖ నుంచి విచారణకు వచ్చిన అధికారి.

తొంభైల నడిమి సంగతి ఇది. నేను మెట్‌పల్లిలో ఒక దినపత్రికకు విలేకరిగా పనిచేస్తున్నాను. మా అక్క అక్కడికి ఉత్తరంగా, గోదావరి వైపున్న ఒక ఊళ్లో సైన్సు టీచరు. ఆ బడి ఏడో తరగతితో ఆగిపోతుంది. ఎనిమిదో తరగతికి వాగు అవతలి ఊళ్లోని హైస్కూలుకు పోవాలి. మగపిల్లలు సైకిళ్ల మీద ఎట్లాగో పోయేవాళ్లు. ఆడపిల్లలు ఏడో తరగతి పరీక్ష రాసిన మర్నాడు బీడీల చాట ముందు కూర్చునేవాళ్లు. ఒక్కసారి ఆ చాట ఒళ్లో పెట్టుకున్న పిల్ల మళ్లీ పలక పట్టడం నేను చూడలేదు. అందుకే ఎనిమిదో తరగతి ఇక్కడే తెరవాలని అక్క పైకి రాసింది. రాసి రాసి, చివరికి విచారణ వేయించింది.

అధికారి వచ్చింది నడి వేసవిలో. వాగులో చుక్క నీరు లేదు. దగ్గరలో హైస్కూలు ఉంటే కొత్త తరగతి ఇవ్వకూడదని నిబంధన. ఎంత దగ్గర అన్నది కూడా అందులో రాసి ఉంది. ఆయన జీపు దిగి, బడి ముందు చెమట తుడుచుకుంటూ, ఎదురొచ్చిన ముసలి పటేల్‌ను అడిగాడు, హైస్కూలు ఎంత దూరమని. పటేల్ పెద్దరికాలు ప్రభుత్వం రద్దు చేసి అప్పటికి చాలా ఏళ్లయింది గానీ ఊరికి ఆయన ఇంకా పటేలే. ఆయన మర్యాదస్తుడు. ‘గీడనే సార్. వాగు దాటితే అచ్చె’ అన్నాడు. అధికారి దగ్గరున్న మ్యాపు మీద స్కేలు పెడితే కూడా అంతే వచ్చింది. జూన్‌లో ఉత్తర్వు వచ్చింది: సమీపంలో ఉన్నత పాఠశాల ఉన్నందున అవసరం లేదు.

ఆ రోజు నేను అక్క దగ్గరే ఉన్నాను. కాగితం చదివి మడిచింది. చెప్పులు వేసుకుని నేరుగా పటేల్ అరుగు దగ్గరికి నడిచింది. నేను వెనకాల.

‘ఏంది పటేలా, గీడనే అంటివట?’

‘ఎవలకు?’

‘జీపుల అచ్చిన సార్‌కు.’

పటేల్ కాసేపు గుర్తు చేసుకున్నాడు. ‘ఆఁ, అన్న. పాపం ఎండల అచ్చిండు బిడ్డా. దూరం అంటే బెదిరిపోడా?’

‘ఆయన నడిచి పోతడా పటేలా? జీపు ఉన్నది గద!’

‘గదైతే నాకు తోచలే’ అన్నాడు ఆయన నిజాయితీగా. ‘ఇప్పుడేమాయె? మల్ల పిలువుండ్రి. దూరమే అని చెప్త. శాన దూరం అని చెప్త. కాశీ అంత దూరమంట.’

అక్కకు నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ‘నువ్వు కాశీ అంటే ఆయన గీడనే అని రాసుకుంటడు. నువ్వు ఊకో’ అని వెనక్కి తిరిగింది.

అక్క పట్టుదలకు ఒక కారణం ఉంది. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం నడిచిన రోజుల్లో బళ్లు నెలల తరబడి మూతబడ్డాయి. మేం చొప్పదండి దగ్గర ఉండేవాళ్లం. అక్క హైస్కూల్లో ఉంది. బళ్లు తిరిగి తెరిచాక ఆమెతో చదివిన ఆడపిల్లల్లో చాలామంది రాలేదు. ఎవరూ వద్దనలేదు. ఇంట్లో పనులకు అలవాటు పడ్డారు, అంతే. మా బాపు కూడా ‘ఇగ సాలు తియ్’ అన్నాడు. అక్క తిండి మానలేదు, ఏడవలేదు. రోజూ పొద్దున్నే సంచి తగిలించుకుని బడికి పోయి వచ్చింది. నాలుగు రోజులకు బాపే ఫీజు గురించి అడిగాడు. ఈ సంగతి ఆమె ఎవరితోనూ చెప్పుకోగా నేను వినలేదు. కానీ బడికి పోవడం మధ్యలో ఆగితే ఏమవుతుందో ఆమెకు ఎవరూ వివరించాల్సిన పని లేకుండా పోయింది.

ఆ ఏడు ఏడో తరగతిలో ఉన్న ఆడపిల్లల్లో ఒకర్తె లెక్కల్లో చురుకు, మాటల్లో ఇంకా చురుకు. వాళ్లమ్మ బీడీలు చుట్టి ఇల్లు నడిపే మనిషి. ఉత్తర్వు సంగతి తెలిసి బడికి వచ్చింది.

‘టీచరమ్మా, ఒక్క మాట. నా బిడ్డ సదువుడు నాకు ఇష్టమే. కని వానకాలం వాగు అత్తే ఎట్ల పోతది? వంతెన కాడికి పోయి తిరిగి రావాలె. పెద్దమనిషైన పిల్ల, అంత దూరం, చీకటివడ్డంక ఇల్లు చేరాల్నా? నేను పంప. ఇప్పుడే చెప్తున్న, తర్వాత నన్ను అనద్దు.’

‘ఇక్కడనే ఎనిమిదో తరగతి అత్తే?’

‘అత్తే పంపుత. నేనే తోలుకొచ్చి దింపుత.’

‘మాట మీద ఉంటవా?’

‘నా మాట సంగతి నాకిడిసిపెట్టు. నువ్వు క్లాసు తే’ అంది ఆమె.

వచ్చే జూన్ దాకా గడువు. అంతలో క్లాసు తేవాలి. అది అక్క ముందున్న పని.

వానలు పడ్డాక ఆ యంత్రం వచ్చింది. కరీంనగర్‌లో అక్కతో కలిసి డిగ్రీ చదివినాయన భూగర్భ జలాల సర్వేలో పనిచేస్తున్నాడు. బావుల్లో నీటిమట్టం కొలవడానికి ఆ చుట్టుపక్కల తిరుగుతూ అక్కను పలకరించడానికి బడికి వచ్చాడు. చేతిలో ఇటుక పెళ్లంత నల్లటి వస్తువు. పైన చిన్న గాజు పలక. జీపీఎస్ అన్నాడు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల నుంచి సంకేతాలు పట్టుకుని, మనం భూమి మీద ఏ అక్షాంశం, ఏ రేఖాంశం మీద నిలబడ్డామో చెబుతుందట. అందాకా నేను దాని పేరు వార్తల్లో చదవడమే, చూడలేదు.

‘అన్నా, ఒక్క పూట ఇక్కడ ఉంచుతవా?’ అంది అక్క.

‘ఎందుకు చెల్లే? పిల్లలు కింద ఏస్తే నా నౌకరి పోతది.’

‘నువ్వు గూడ ఉండు. పట్టుకోని కూసో.’

ఆయన నవ్వి కూర్చున్నాడు. బడి వాకిట్లో ఒక స్టూలు వేసి దాని మీద యంత్రం పెట్టారు. ఏడో తరగతి మొత్తం చుట్టూ మూగింది. మొదట చాలాసేపు ఏమీ రాలేదు. ‘నిద్రపోతుంది’ అన్నాడొకడు. తర్వాత అంకెలు వచ్చాయి. డిగ్రీలు, నిమిషాలు. నిమిషం అంటే దూరమా, టైమా అని ఒక లొల్లి. అక్క భూగోళం బొమ్మ తెచ్చి, డిగ్రీని అరవై ముక్కలు చేస్తే ఒక ముక్క నిమిషమని, ఉత్తర దక్షిణాలుగా అది రెండు కిలోమీటర్లకు కొంచెం తక్కువని చెప్పింది. అంతలో స్టూలు దగ్గర నిలబడ్డ చురుకు పిల్ల అరిచింది.

‘టీచర్, అంకెలు మారినయి!’

చూస్తే నిజమే. చివరి అంకెలు మారాయి. కాసేపటికి మళ్లీ మారాయి. ఎవరూ యంత్రాన్ని ముట్టలేదు.

‘మన బడి నడుస్తుంది’ అన్నాడు వెనక నుంచి ఒకడు. అందరూ గోల.

సర్వే అన్న కొంచెం ఇబ్బందిగా చెప్పాడు. ఈ ఉపగ్రహాలు అమెరికా మిలటరీవి. బయటివాళ్లకు సరైన చోటు తెలియకుండా వాళ్లు కావాలనే సంకేతంలో కొంత తప్పు కలుపుతారు. అందుకే ఒక్కచోటే ఉన్నా అంకెలు అటూ ఇటూ తిరుగుతాయి.

‘అంటే మన బడి ఎక్కడున్నదో మనకు తెల్వద్దనా?’ అంది అక్క.

‘గట్లనే అనుకో.’

‘సరే, చూద్దాం. గ్రాఫ్ పేపర్లు తీయండ్రి’ అని పిల్లల వైపు తిరిగింది.

ఆ పూటంతా పిల్లలు వంతులవారీగా అంకెలు చదువుతూ గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెట్టారు. చుక్కలు తేనెతుట్టె చుట్టూ ఈగల్లా పోగయ్యాయి. మధ్యాహ్నానికి అక్క ఆ చుక్కలన్నిటికీ సగటు తీయించింది. మొదట పెట్టిన వంద చుక్కలకూ, తర్వాత పెట్టిన వంద చుక్కలకూ వేరువేరుగా సగటు తీస్తే రెండూ దాదాపు పక్కపక్కనే పడ్డాయి. తప్పు అటూ ఇటూ తిరుగుతుందే గానీ ఒక్కవైపే పోదు, కాబట్టి ఓపిక పట్టి కూర్చుంటే నిజం మధ్యలో చిక్కుతుంది అని ఆమె చెప్పినప్పుడు, నా వృత్తిలో పదేళ్లుగా నేను చేస్తున్నదీ అదే కదా అనుకున్నాను. కొలత అంటే ఒక అంకె కాదు, అంకెల గుంపు అని నేను కాలేజీలో నేర్చుకోలేదు. ఆ వాకిట్లో నేర్చుకున్నాను.

మర్నాడు సర్వే అన్న తన పని మీద వాగు అవతలికి పోయి, హైస్కూలు చోటును యంత్రంలో గుర్తు పెట్టుకుని వచ్చాడు. బడి వాకిట్లో నిలబడి మీట నొక్కాడు. ఇక్కడి నుంచి అక్కడికి దూరం గాజు పలక మీద పడింది.

అది అధికారి రాసిన దూరమే. ఇంచుమించు అంతే.

పిల్లలు చప్పబడిపోయారు. చురుకు పిల్ల యంత్రాన్ని ఎగాదిగా చూసి అంది: ‘టీచర్, గిది గూడ పటేల్ తాత లెక్కనే. గీడనే అంటుంది.’

అక్క ఎంత నవ్విందంటే గోడకు చెయ్యి ఆనించుకోవాల్సి వచ్చింది. ‘అన్నా, ఇది అబద్ధం చెప్పుతలేదు. మనం అడుగుడే తప్పు. కాకి ఎంత దూరం పోవాలె అని అడిగినం, అది చెప్పింది. పిల్ల ఎంత దూరం పోవాలె అని అడుగుదాం. దీన్ని నడిపియ్యాలె’ అంది.

‘వానల?’

‘మరి వానకాలంల పిల్లలు ఎప్పుడు నడుస్తరు? ఎండల్నా?’

తరగతి తరగతే బయలుదేరింది. వాగు అప్పటికే ఒడ్లు ఒరుసుకుంటోంది. ఎర్రనీళ్లు, పైనుంచి కొట్టుకొచ్చిన కంప. అడ్డంగా దాటే మాట లేదు. వాగు వెంబడి పైకి నడిచి, రోడ్డు వంతెన ఎక్కి, అవతలి ఒడ్డున మళ్లీ కిందికి రావాలి. దారి ఎక్కడ మలుపు తిరిగితే అక్కడ ఆగడం, సర్వే అన్న గొడుగు కింద యంత్రం పట్టుకోవడం, పిల్లలు అంకెలు రాసుకోవడం, సగటుకు సరిపడా చుక్కలు వచ్చేదాకా తడుస్తూ నిలబడడం. మక్కజొన్న చేను గట్టు మీద ఇద్దరు జారిపడ్డారు. ఒక రైతు ఆపి అడిగాడు, ఏం కొలుస్తున్నరు, కాలువ అత్తుందా అని. ‘ఎనిమిదో తరగతి అత్తుంది’ అంది చురుకు పిల్ల. హైస్కూలు చేరేసరికి అక్కడ చివరి గంట కొట్టేశారు.

మలుపుల్ని గ్రాఫ్ మీద కలిపి, ముక్కముక్క దూరం కూడితే, అధికారి అంకెకు మూడింతలకు దగ్గరగా వచ్చింది. నిబంధనలో రాసిన దూరం ఎప్పుడో దాటిపోయింది. సర్వే అన్న ఆ అంకెల్ని తన ఆఫీసు కంప్యూటర్‌లో ఎక్కించి, వారం తర్వాత ఒక ప్రింటు తెచ్చాడు. తెల్ల కాగితం మీద ఒక వంకర గీత, అంతే.

‘వాగేది సార్?’ అని అడిగారు పిల్లలు.

‘మీరు వాగును మార్కు చెయ్యలే గద. చెయ్యనిది దానికి తెల్వది.’

పిల్లలు రంగులు తెచ్చి ఆ ప్రింటు మీదే వాగు వేశారు. వంతెన, మక్క చేను, ఈత చెట్లు, ఇద్దరు జారిపడ్డ చోటు కూడా వేశారు.

నేను దీన్ని వార్తగా రాశాను. పటేల్ మాటను ఉన్నదున్నట్టు పెట్టి, ఒక మర్యాద మాట ఆడపిల్లల చదువుకు ఎట్లా అడ్డం పడిందో రాసి, సాయంత్రం బస్సులో కవరు పంపాను. రెండు రోజుల తర్వాత అచ్చయింది. శీర్షిక: ‘హైస్కూలు ఇక్కడే ఉంది: గ్రామస్తులు’. నేను డెస్క్‌కు ఫోన్ చేశాను.

‘గీడనే అంటే పాఠకులకు అర్థం కాదండీ. అందుకే ఇక్కడే అని మార్చాం’ అన్నాడు ఉపసంపాదకుడు.

‘మీరు మార్చింది మాట కాదండీ, వార్తే తిరగబడింది.’

‘యాసలు రాయకండి మరి. భాష రాయండి.’

అది యాస కాదని, ఆ ఊరి భాషని, ఆ వార్తలో ఉన్నది ఆ ఒక్క మాటే అని చెప్పాను. లైన్ కోసం వెనక ఇంకెవరో ఆగి ఉన్నారని ఆయన పెట్టేశాడు. అప్పటినుంచి నా కాపీలో మనుషులు ఎట్లా మాట్లాడితే అట్లానే రాశాను. వాళ్లు కొట్టేశారు. మళ్లీ రాశాను. అచ్చు చూసి అక్క మాత్రం ‘మీ పేపరు గూడ వాగు దాటలే తమ్మీ’ అంది.

చలికాలంలో జిల్లా సైన్సు ప్రదర్శన కరీంనగర్‌లో జరిగింది. పిల్లలు చుక్కల గుంపునూ, వాగు వేసిన మ్యాపునూ అట్టల మీద అతికించుకుని పోయారు. వేసవిలో విచారణకు వచ్చిన అధికారే ఆ బల్ల ముందుకు వచ్చాడు. చెడ్డ మనిషి కాదు. శ్రద్ధగా చూశాడు. పిల్లలతో చుక్కల సంగతి అడిగి చెప్పించుకున్నాడు.

‘బాగుందమ్మా, చాలా బాగుంది. కానీ రూలులో దూరం అని ఉంది, దారి అని లేదు’ అన్నాడు అక్కతో. ‘వాగు వచ్చేది ఎన్నాళ్లు? మూణ్ణాలుగు నెలలు. మిగతా రోజులు అడ్డంగా దాటి పోవచ్చు కదా?’

‘మూడు నెలలు బడి తప్పిన ఆడపిల్ల నాలుగో నెల వస్తుందా సార్? మీరు ఎక్కడన్నా చూశారా? నేను చూడలేదు.’

‘నా చేతుల్లో లేదమ్మా. మళ్లీ ప్రపోజల్ పెట్టండి.’

‘పెడతాను. క్లాసు కూడా పెడతాను.’

ఆయన దాన్ని తమాషా అనుకున్నాడు. పిల్లలకు రెండో బహుమతిగా స్టీలు గిన్నెలు ఇచ్చారు. చురుకు పిల్ల తల్లి ఆ గిన్నెను తిరగేసి చూసి, ‘దీంట్ల అన్నం తినుడు అయితది గని సదువుడు అయితదా?’ అంది.

జూన్ వచ్చింది. ఉత్తర్వు రాలేదు. అక్క ఎండలు ఉండగానే వాగు దాటి పోయి, అవతలి హైస్కూలు పెద్దసారుతో మాట్లాడింది. పిల్లలు ఆయన బడిలో చేరతారు. వాగు పారినన్నాళ్లు ఇక్కడ కూర్చుంటారు. పాఠాలు తాను చెబుతుంది. ఎండిపోయాక అక్కడికి వస్తారు. పరీక్షలు అక్కడే రాస్తారు. పెద్దసారు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

‘పైవాళ్లు అడిగితే ఏం చెప్పాలె అమ్మా?’

‘వాగును అడుగుమనుండ్రి’ అంది అక్క.

ఆయన ఒప్పుకున్నాడు. తన దగ్గర చేరి వానలకు మానేసే ఆడపిల్లల్ని ఏటా చూసినవాడే ఆయన కూడా.

వానలు మొదలయ్యాయి. ఏడో తరగతి గది వెనక వసారాలో ఎనిమిదో తరగతి కూర్చుంది. మొదటి రోజు చురుకు పిల్లను వాళ్లమ్మ స్వయంగా తోలుకొచ్చింది. అప్పుడే చుట్టడం ఆపి వచ్చినట్టు చేతులకు తంబాకు వాసన. బిడ్డను కూర్చోబెట్టి, మిగతా తల్లుల ఇళ్లకు పోయి ‘నాది పోయింది. మీది ఇంట్ల ఏం చేత్తుంది?’ అని అడిగి వచ్చింది. మధ్యాహ్నానికి వసారా నిండింది. పటేల్ తన ఇంట్లోంచి ఒక పాత బ్లాక్‌బోర్డు పంపాడు. ఎక్కడిదో ఎవరూ అడగలేదు.

అక్క ఇంగ్లీషూ హిందీ కూడా తానే చెప్పింది. హిందీ ఆమెకు రాదు. పొద్దున నేర్చుకుని మధ్యాహ్నం చెప్పేది. మెమో వచ్చింది, అనుమతి లేని తరగతి నడుపుతున్నందుకు సంజాయిషీ ఇవ్వాలని. జవాబుగా గ్రాఫ్ కాగితం నకలు పంపింది. రెండో మెమో వచ్చింది. వాగు రంగు వేసిన నకలు పంపింది. ఉద్యోగం పోతే ఏం చేస్తావ్ అక్కా అని నేను అడిగాను.

‘పోతే పోనీ. మధ్యాహ్నం దాకా ఇంట్ల పని చేసుకోని, తర్వాత అదే వసారల కూసుంట. క్లాసు తీసేసే ఆర్డరు వాళ్ల దగ్గర ఉంటదా? అసలు ఇచ్చిందే లేదాయె’ అంది.

జోరుగా వాన పడుతున్న ఒక రోజు అధికారే వచ్చాడు. ఆయన ఆ పొద్దున అవతలి ఊళ్లో హైస్కూలు తనిఖీ చేసి, అక్కడి నుంచి ఇక్కడికి రావాల్సి వచ్చింది. జీపు వంతెన మీదుగా తిరిగి వస్తుంటే మధ్యలో బురదలో దిగబడింది. మోకాళ్ల దాకా బురదతో, గొడుగు వంకర పోయి, వసారా చివర నిలబడ్డాడు. అక్క కాంతి వక్రీభవనం చెబుతోంది. గాజుగ్లాసు నీళ్లలో పెన్సిల్ పెట్టి, అది విరిగినట్టు ఎందుకు కనిపిస్తుందో అడుగుతోంది. ఆయనకు కుర్చీ చూపించి పాఠం కొనసాగించింది. గంట కొట్టాక దగ్గరికి వచ్చింది.

‘ఈ క్లాసు ఆపాలమ్మా’ అన్నాడు ఆయన, బురద కాళ్లు చూసుకుంటూ.

‘ఆపుతా సార్. వాగు ఎండగానే ఆపుతా.’

ఆయన ఆమె వంకా, పిల్లల వంకా చూశాడు. ఎవరూ లేచి నిలబడలేదు, ఎవరూ తల దించలేదు. చురుకు పిల్ల ఒక చెంబు నీళ్లు తెచ్చి ఇచ్చింది. కాళ్లు కడుక్కుని, జీపు తీయడానికి మనుషులు కావాలని అడిగాడు. ఊళ్లోవాళ్లు పోయి జీపు ఎత్తి పెట్టారు. ఆయన ఏం రాసుకున్నాడో నాకు తెలియదు. మూడో మెమో రాలేదు, ఉత్తర్వూ రాలేదు.

వాగు ఎండిపోయాక అక్క చెప్పినట్టే ఆపింది. పిల్లలు ఇసుకలో నడిచి హైస్కూలుకు పోయారు. ఆడపిల్లల్లో ఒక్కరు కూడా మానలేదు. అందరూ పరీక్షలు రాశారు.

మళ్లీ జూన్‌లో వసారాలో ఇంకో చాప పరిచారు. పాత పిల్లలు తొమ్మిదో తరగతి, కొత్త పిల్లలు ఎనిమిది. దానికి కూడా ఎవరూ అనుమతి ఇవ్వలేదు. అక్క ఈసారి అడగను కూడా లేదు.